చిప్ ఎవరి మాట వింటుంది?

2025 జులై 31న చైనా సైబర్‌స్పేస్ యంత్రాంగం అమెరికా చిప్‌ల కంపెనీ ఎన్విడియా ప్రతినిధులను పిలిపించి ఒకటే అడిగింది. మాకు అమ్ముతున్న హెచ్20 ఏఐ చిప్‌లో దొడ్డిదారి, అంటే కొన్నవాడికి తెలియకుండా బయటివాడు లోపలికి దూరే రహస్య మార్గం, ఏమైనా పెట్టారా? పెట్టకపోతే పెట్టలేదని కాగితాలతో సహా చూపించండి. తమాషా ఏమిటంటే, ఆ చిప్‌ను మళ్లీ చైనాకు అమ్ముకోవచ్చని అమెరికా తలూపి అప్పటికి రెండు వారాలే అయింది. నిన్నటిదాకా అమ్మనన్నవాడు ఇవాళ అమ్ముతానంటే కొనేవాడికి అనుమానం రాకుండా ఉంటుందా? సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టినట్టు, చైనా ఆ చిప్ నోరు తెరవమంది.

ఈ వార్తను ఏ పేజీలో వేయాలన్నది పత్రికలకు నిజంగానే చిక్కు. చిప్‌ల అమ్మకం వ్యాపారం పేజీకి పోతుంది. ఏఐ మీద ఆంక్షలంటే అంతర్జాతీయం. హ్యాకింగ్, నిఘా అయితే సైబర్ నేరాల వైపు. హెచ్20 గొడవలో ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అసలు కొన్నేళ్లుగా జరుగుతున్నదే అది. ఏఐని అదుపు చేయాలనుకున్న ప్రభుత్వాలు చట్టం పుస్తకంలో ఉంటే చాలదని, చిప్‌లోకే దిగాలని చూస్తున్నాయి. చట్టం చిప్‌లోకి దిగితే ఆ చిప్ కొన్నవాడి మాట వింటుందా, చట్టం రాసినవాడి మాట వింటుందా అన్నదే అసలు తగవు.

ముందు హెచ్20 జాతకం చూడాలి, ఎందుకంటే దాని పుట్టుకకు కారణమే చట్టం. 2022 అక్టోబర్ 7న అమెరికా వాణిజ్య శాఖ పెద్ద ఏఐ చిప్‌లు చైనాకు వెళ్లకుండా గీత గీసింది. ఆ గీతకు రెండు కొలతలు పెట్టింది: చిప్ ఎంత వేగంగా లెక్కలు చేస్తుంది, పక్క చిప్‌తో ఎంత వేగంగా మాట్లాడుతుంది. రెండో దానికి హద్దు సెకనుకు 600 గిగాబైట్లు. ఏ100 చిప్ సరిగ్గా అంతే. ఎన్విడియా ఆ వేగాన్ని 400కు దించి ఏ800 అని పేరు మార్చి అమ్మింది. దాని తర్వాతి తరం చిప్ హెచ్100కు కూడా అలాగే హెచ్800 అనే తమ్ముడు పుట్టాడు. ఏడాది తిరక్కుండా ఎన్ని అమ్ముకోవాలో అన్నీ అమ్ముకున్నాక, 2023 అక్టోబర్‌లో ఆ సందు మూసేశారు.

అప్పుడు వచ్చింది హెచ్20. లెక్కల బలంలో హెచ్100లో దాదాపు ఏడో వంతే. మెమరీ మాత్రం 96 గిగాబైట్లు, అంటే 80 ఉన్న హెచ్100 కన్నా ఎక్కువ. కొత్త ఏఐ మోడల్‌కు శిక్షణ ఇవ్వడానికి ఇది నీరసమైన చిప్పే గానీ, తయారైన మోడల్‌ను లక్షల మందికి నడిపి చూపించడానికి మంచి పనిమంతురాలు. అది గమనించి 2025 ఏప్రిల్‌లో దాన్నీ ఆపేశారు. ఎన్విడియా ఆ త్రైమాసికంలో దీని పద్దు కిందే 450 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది. జులైలో మళ్లీ సరే అన్నారు. ఆగస్టుకల్లా, చైనా అమ్మకాల్లో 15 శాతం అమెరికా ప్రభుత్వానికి ఇవ్వాలనే ఒప్పందం బయటపడింది. డిసెంబర్‌లో ట్రంప్ అంతకన్నా ఎంతో శక్తిమంతమైన హెచ్200 కూడా అమ్ముకోవచ్చని, 25 శాతం వాటా తమదని ప్రకటించారు. దేశ భద్రతకే ముప్పు అన్న వస్తువు పావలా వంతు కట్టగానే ముప్పు కాకుండా ఎలా పోతుందో అర్థం కాదు. ముప్పు కానప్పుడు మూడేళ్లు ఎందుకు ఆపారో అదీ అర్థం కాదు.

చైనా అనుమానం ఊరికే పుట్టలేదు. ఎన్విడియాను పిలిపించినప్పుడు అది ప్రస్తావించింది అమెరికా చట్టసభల్లో జరుగుతున్న చర్చనే. 2025 మేలో సెనేటర్ టామ్ కాటన్ 'చిప్ సెక్యూరిటీ యాక్ట్' అనే బిల్లు పెట్టారు. ఎగుమతి ఆంక్షల కిందికి వచ్చే ఏఐ చిప్ తాను ఎక్కడుందో చెప్పగలగాలన్నది దాని సారం. ప్రతినిధుల సభలో ఇదే ఆలోచనను ముందుకు తోసినవారిలో బిల్ ఫాస్టర్ ఒకరు. ఆయన రాజకీయాల్లోకి రాకముందు కణ భౌతిక శాస్త్రవేత్త. అందుకే ఈ ఆలోచనలో భౌతికశాస్త్రం వాసన గట్టిగానే ఉంటుంది.

చిప్‌లు ఎక్కడున్నాయో తెలుసుకోవాలన్న తాపత్రయానికి కారణం దొంగరవాణా. మూడో దేశంలో ఒక కంపెనీ పేరు మీద సర్వర్లు కొంటారు, అక్కడి నుంచి చైనా చేరుస్తారు. 2025 ఫిబ్రవరిలో సింగపూర్ ముగ్గురి మీద మోసం కేసు పెట్టింది. అక్కడి నుంచి మలేసియాకు వెళ్లిన సర్వర్లు చివరికి ఎవరి చేతికి చేరాయన్నదే అందులో ప్రశ్న. ఆగస్టులో రాయిటర్స్ ఇంకో సంగతి రాసింది. అనుమానం ఉన్న సరుకు పెట్టెల్లో అమెరికా అధికారులు రహస్యంగా ట్రాకర్లు పెడుతున్నారట. ప్రపంచంలో అత్యంత క్లిష్టమైన యంత్రాన్ని వెంబడించడానికి అట్టపెట్టెలో దాచిన చిన్న ట్రాకరే గతి అయిందంటే, ఈ ఆంక్షలు కాగితం మీద ఉన్నంత గట్టిగా నేల మీద లేవని అర్థం.

మరి చిప్ తానెక్కడుందో ఎలా చెబుతుంది? జీపీఎస్ పనికిరాదు. డేటా సెంటర్ లోపల సిగ్నల్ అందదు, అందినా దాన్ని మోసం చేయడం తేలిక. అందుకని వెలుగు వేగాన్ని సాక్షిగా పెట్టుకోవాలన్నారు. ఆప్టికల్ ఫైబర్‌లో వెలుగు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ఒక మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు, రానూపోనూ కలిపితే 100. హైదరాబాద్‌లోని ఒక నమ్మకమైన సర్వర్ చిప్‌కు ప్రశ్న పంపిందనుకుందాం. చిప్ తనలో ముద్రించి ఉన్న రహస్య తాళంతో సంతకం పెట్టి జవాబు పంపాలి. ఆ జవాబు 4 మిల్లీసెకన్లలో వచ్చిందంటే చిప్ 400 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. విజయవాడలో ఉండొచ్చు, షాంఘైలో మాత్రం ఉండదు. షాంఘై నుంచి రావాలంటే ఎంత మంచి కేబుల్ వేసినా 40 మిల్లీసెకన్లు తప్పవు. ఇందులో అందం ఏమిటంటే, ఆలస్యంగా రావడానికి వంద సాకులు చెప్పొచ్చు గానీ వెలుగు కన్నా ముందు రావడానికి ఏ సాకూ లేదు. చిప్ దూరంగా ఉన్నట్టు నటించగలదు, దగ్గరగా ఉన్నట్టు నటించలేదు. చిప్‌లోని రహస్య తాళాన్ని ఎవరైనా బయటికి లాగి సర్వర్ పక్కనే వేరే యంత్రంలో పెడితే తప్ప. ఆ 'తప్ప' దగ్గరే హ్యాకర్ల పని మొదలవుతుంది.

అసలు ఏఐని అదుపు చేయాలంటే చిప్ వెంటే ఎందుకు పడాలి అని అడగొచ్చు. ఎందుకంటే మిగతావేవీ చేతికి చిక్కవు. వందల కోట్లు ఖర్చుపెట్టి తయారుచేసిన మోడల్ చివరికి ఒక ఫైలు. చైనా కంపెనీ డీప్‌సీక్ మోడల్ ఎవరి కంప్యూటర్‌లోకైనా డౌన్‌లోడ్ అవుతుంది, జేబులో పట్టే హార్డ్‌డిస్క్‌లో ఇమిడిపోతుంది. దాన్ని ఏ కస్టమ్స్ అధికారి ఆపుతాడు? చిప్‌కు మాత్రం బరువుంది, పెట్టె ఉంది, బిల్లు ఉంది. కరెంటు తాగుతుంది, వేడి పుట్టిస్తుంది, దాచాలంటే భవనం కావాలి.

చట్టాలు రాసేవాళ్లు మోడల్ ప్రమాదాన్ని కొలవడానికి కూడా చివరికి చిప్ లెక్కే పట్టుకున్నారు. 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన యూరప్ ఏఐ చట్టం ప్రకారం, శిక్షణలో 1 పక్కన 25 సున్నాలు పెట్టినన్ని లెక్కలు దాటిన మోడల్‌ను సమాజం మొత్తానికి ముప్పు తేగలదిగా భావించి అదనపు బాధ్యతలు వేస్తారు. బైడెన్ 2023లో ఇచ్చిన ఉత్తర్వులో 26 సున్నాలు. ట్రంప్ వచ్చిన మొదటి రోజే ఆ ఉత్తర్వు పోయింది. 2025 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియా చేసిన చట్టంలోనూ 26 సున్నాలే. ఇన్ని సున్నాలు బుర్రకెక్కవు గనక ఇలా చూడొచ్చు: పదివేల హెచ్100 చిప్‌లను వాటి శక్తిలో 40 శాతం వాడుకుంటూ ఆపకుండా నడిపితే, యూరప్ గీత దాటడానికి సుమారు నెల పడుతుంది.

ఈ కొలత ఎంత నమ్మదగ్గదో డీప్‌సీక్ తేల్చేసింది. 2024 డిసెంబర్‌లో వచ్చిన దాని వీ3 మోడల్ గురించి ఆ కంపెనీయే పత్రం విడుదల చేసింది. 2,048 హెచ్800 చిప్‌లు, 14.8 లక్షల కోట్ల టోకెన్ల (మాటల ముక్కల) శిక్షణ, ఒక్కో టోకెన్‌కు పనిచేసే పారామితులు (మోడల్ నేర్చుకున్న అంకెలు) 3,700 కోట్లు. ఈ రంగంలో అందరూ వాడే గుణకారం వేస్తే యూరప్ గీతలో మూడో వంతు దగ్గర తేలుతుంది. అంటే 2025 జనవరి 27న ఒక్క రోజులో ఎన్విడియా మార్కెట్ విలువలో దాదాపు 59 వేల కోట్ల డాలర్లు తుడిచిపెట్టిన ప్రకంపనకు పునాది వేసిన మోడల్, చట్టం గీత దగ్గరికి కూడా రాలేదు. పైగా అందులో వాడిన హెచ్800 సందు మూయకముందు చట్టబద్ధంగా అమ్మిన చిప్పే. తూకంరాయి తప్పు కాదు, తూచే సరుకు మారిపోయింది. తక్కువ లెక్కలతో ఎక్కువ తెలివి పుట్టించడం నేర్చాక సున్నాలు లెక్కపెట్టే చట్టం ఎప్పుడూ ఒక అడుగు వెనకే.

తిరిగి దొడ్డిదారి దగ్గరికి వద్దాం. ఎన్విడియా 2025 ఆగస్టు 5న తన భద్రతాధికారి పేరుతో జవాబిచ్చింది. మా చిప్‌లలో దొడ్డిదారులు లేవు, దూరం నుంచి ఆపేసే మీటలు లేవు, ఉండకూడదు కూడా అంది. కారు కొన్నాక హ్యాండ్‌బ్రేక్ రిమోట్ షోరూమ్‌వాడు తన దగ్గరే ఉంచుకున్నట్టు ఉంటుందని పోలిక చెప్పింది. ఈ జవాబు చైనాకు మాత్రమే అనుకుంటే పొరపాటు. సగం వాషింగ్టన్ కోసం రాసిందే. వ్యాపారి స్వార్థం అందులో ఉంది, నిజమూ ఉంది.

ఆ నిజానికి పాత సాక్ష్యం ఉంది. 1993లో క్లింటన్ ప్రభుత్వం క్లిప్పర్ అనే చిప్‌ను తెచ్చింది. ఫోన్ సంభాషణలను రహస్యంగా ఉంచుతుంది, కానీ ఒక తాళం ప్రభుత్వం దగ్గర ఉంటుంది. కోర్టు అనుమతి ఉంటేనే వాడతామన్నారు. 1994లో మ్యాట్ బ్లేజ్ అనే పరిశోధకుడు దాని లోపం బయటపెట్టాడు. ప్రభుత్వం వినడానికి పెట్టిన ఏర్పాటు సరిగ్గా ఉందా అని చూసే పరీక్ష 16 బిట్ల మీద ఆధారపడి ఉంది. అంటే 65,536 ప్రయత్నాల్లో దాన్ని బోల్తా కొట్టించొచ్చు. ప్రభుత్వానికి మాత్రమే అనుకున్న తలుపు ప్రభుత్వానికే మూసుకుపోయే వీలుందన్నమాట. రెండేళ్లకే ఆ పథకం అటకెక్కింది.

చోటు చెప్పడం వేరు, ఆపేయడం వేరు అని బిల్లు పక్షం వాదిస్తుంది. న్యాయంగా చూస్తే ఆ తేడా ఉంది. చిప్ తన చిరునామా చెప్పినంత మాత్రాన యజమాని డేటా ఎవరికీ పోదు. కానీ కొన్నవాడి ఇష్టంతో పని లేకుండా బయటివాడికి జవాబు చెప్పే అలవాటు చిప్‌కు ఒకసారి చేశాక, రేపు ఆ అలవాటును ఇంకే ప్రశ్నకు వాడతారన్నది చట్టం రాసేవాడి దయ. ఆ తర్వాత 2025 డిసెంబర్‌లో చోటు నిర్ధారించే సాఫ్ట్‌వేర్‌ను ఎన్విడియాయే సిద్ధం చేసిందని వార్త వచ్చింది. కాకపోతే అది ఐచ్ఛికం, కావాలనుకున్న కస్టమర్ వేసుకోవచ్చు. తన డేటా సెంటర్లలో చిప్‌లు లెక్క తప్పకుండా చూసుకునే పెద్దమనిషికి అది ఉపయోగమే. దొంగరవాణా చేసేవాడు మాత్రం దాన్ని ఎందుకు వేసుకుంటాడు?

ఇక చైనా అడిగిన రెండో సగం, 'లేదని రుజువు చూపించండి' అన్నది, వినడానికి న్యాయంగానే ఉంటుంది. చేయడం మాత్రం ఎవరి తరమూ కాదు. హెచ్100లో 8 వేల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. హైదరాబాద్‌లో వెరిఫికేషన్ ఇంజనీరుగా పనిచేసేవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. అమీర్‌పేటలో వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్) కోచింగ్ చేసి డిజైన్ కంపెనీల్లో చేరినవాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్ల పని చిప్ చెప్పిన పని చేస్తుందా అని చూడటం. చెప్పని పని ఏదీ చేయదని చూపించడం పూర్తిగా వేరే పని. మొదటిదానికి జాబితా ఉంటుంది, రెండోదానికి జాబితా ఉండదు.

ఎవరూ కావాలని పెట్టని లోపమే ఎన్నాళ్లు దాగుతుందో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపాలు చూపించాయి. ప్రాసెసర్ ముందుచూపుతో పనులు ముందే చేసి పెట్టుకునే పద్ధతి 1990ల నుంచి ఉంది. ఆ ముందుచూపులోంచి పాస్‌వర్డ్‌ల వంటి రహస్యాలు జారిపోతాయని 2018 జనవరిలో గానీ ప్రపంచానికి తెలియలేదు. రెండు దశాబ్దాలు కోట్ల కంప్యూటర్లలో, అందరి కళ్ల ముందే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పైతే అప్‌డేట్ పంపుతారు. సిలికాన్‌లో ముద్రపడిన తప్పును చుట్టూ కట్టుకట్టి మూయాలి, దానికి వేగం తగ్గించుకోవాలి. పొరపాటున దూరిందే ఇరవై ఏళ్లు దొరకకపోతే, తెలిసి దాచిందాన్ని పట్టుకోవడం ఎలా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న మాట చిప్‌కు అతికినట్టు సరిపోతుంది.

ఇదంతా అమెరికా, చైనాల గొడవే అనుకుంటే తైవాన్ వైపు ఒకసారి చూడాలి. అత్యాధునిక చిప్‌లను అతి సన్నని అతినీలలోహిత కాంతితో చెక్కే ఈయూవీ యంత్రాన్ని తయారుచేసేది నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎమ్ఎల్ ఒక్కటే. ఒక్కోటి సిటీ బస్సంత ఉంటుంది. తైవాన్ మీద చైనా దండెత్తితే ఆ యంత్రాలను దూరం నుంచే ఆపేసే వీలు ఏఎస్ఎమ్ఎల్‌కు, వాటితో చిప్‌లు చేసే తైవాన్ కంపెనీ టీఎస్ఎమ్‌సీకి ఉందని 2024 మేలో బ్లూమ్‌బర్గ్ రాసింది. అక్కడ ఆపే మీట ఉందంటే చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. చిప్‌లో ఆపే మీట అంటే అదే మనుషులు భయపడతారు. మీట మంచిదా చెడ్డదా అన్నది, అది మన చేతిలో ఉందా పక్కవాడి చేతిలో ఉందా అన్నదాన్ని బట్టి మారుతోంది.

భారత్ ఈ ఆటలో ఎక్కడ కూర్చుందో 2025 జనవరిలో ఒక్కసారి స్పష్టంగా కనిపించింది. పదవి దిగిపోతూ బైడెన్ ప్రభుత్వం ప్రపంచాన్ని మూడు వరసలుగా విడదీసింది. 18 సన్నిహిత దేశాలకు దాదాపు అడ్డే లేదు. చైనా, రష్యా వంటివాటికి తలుపు మూత. మధ్య వరసలో మనం. మధ్య వరస దేశానికి 2027 దాకా మామూలు లెక్కన సుమారు 50 వేల చిప్‌ల హద్దు. క్వాడ్‌లో పక్కన కూర్చునే జపాన్, ఆస్ట్రేలియా పై వరసలో, మనం కింద. ట్రంప్ ప్రభుత్వం మేలో దాన్ని రద్దు చేసింది. రద్దయింది కాబట్టి మర్చిపోవచ్చు అనుకోవడం తొందరపాటు. ఆ పట్టిక గీసే అధికారం ఎవరి చేతిలో ఉందో అది అలాగే ఉంది. కేంద్ర ప్రభుత్వ ఇండియాఏఐ మిషన్ 38 వేలకు పైగా జీపీయూలు (ఏఐ లెక్కలు చేసే చిప్‌లు) సమకూర్చి గంటకు 65 రూపాయలకు స్టార్టప్‌లకు ఇస్తోంది. విశాఖలో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్ కడతానంది. స్థలం మనది, కరెంటు మనది. లోపలికొచ్చే అమెరికన్ చిప్‌ల మీద చెల్లేది మాత్రం అక్కడి ఎగుమతి చట్టం.

సొంతంగా చేసుకుంటే పోదా అంటే, చేసుకుంటున్నాం కూడా. 2025 సెప్టెంబర్‌లో ఇస్రో విక్రమ్ 3201 ప్రాసెసర్‌ను ప్రధాని చేతికిచ్చారు. మొహాలీలోని ప్రభుత్వ ఫ్యాక్టరీలో 180 నానోమీటర్ల పద్ధతిలో చేసింది. రాకెట్‌కు అది చాలు, నమ్మకమూ ఎక్కువ, ఎందుకంటే గీసిన చేయి, చెక్కిన చేయి రెండూ తెలిసినవే. ఏఐ మోడల్‌కు మాత్రం అది ఏ మూలకూ రాదు. ఈ రెండు కొసల మధ్య ఆంధ్రప్రదేశ్‌కు 2025 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన ప్యాకేజింగ్ ప్లాంటు (తయారైన చిప్‌ను కవచంలో అమర్చే ఫ్యాక్టరీ) వంటివి వస్తున్నాయి. ఏడాదికి 9.6 కోట్ల యూనిట్లు దాని సామర్థ్యం. చిప్ ప్రయాణంలో ప్యాకేజింగ్ చివరి మజిలీల్లో ఒకటి. అక్కడ ఏం మారిందో తర్వాత బయటి నుంచి చూసి చెప్పడం కష్టం కాబట్టి, ఉద్యోగాల లెక్కకు మించిన విలువ దానికి ఉంది. ఆ విలువ గురించి ఎవరూ మాట్లాడటం లేదు గానీ.

ఇంకో విషయంలో మనం చైనా కన్నా ముందే నోరు తెరవమన్నాం. ప్రభుత్వ సంస్థల్లో ఉన్న పది లక్షల కెమెరాలు చైనా కంపెనీలవేనని 2021లో పార్లమెంటుకే చెప్పుకోవాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 9 నుంచి ఇంటర్నెట్‌కు కలిసే ఏ సీసీటీవీ కెమెరా ఇక్కడ అమ్మాలన్నా హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, సోర్స్ కోడ్ సహా ప్రభుత్వం గుర్తించిన ల్యాబ్‌కు ఇచ్చి పాస్ చేయించుకోవాలి. విదేశీ కంపెనీలు గోల పెట్టాయి, మేం కోడ్ ఎలా ఇస్తాం అన్నాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. నాలుగు నెలలు తిరక్కముందే బీజింగ్ ఎన్విడియాను అడిగింది దాదాపు అదే. మనం కాలనీ గేటు మీద పెట్టుకునే మూడు వేల రూపాయల కెమెరా ఆ పరీక్షకు వెళ్లాలి. గంటకు 65 రూపాయలకు అద్దెకిస్తున్న జీపీయూకు ఆ నిబంధన వర్తించదు.